ఇనుప మొలతాడు

సిద్దిపేట పాత బస్టాండు వెనక గల్లీలో అమృతమ్మ జొన్నరొట్టెకు ఎంత పేరుందో, ఆమె నోటికి అంతకన్నా ఎక్కువ పేరుంది. రొట్టె కావాలనుకున్నవాడు వరసలో నిలబడాలి. కారం ఎక్కువైందని గొణగకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, పొయ్యి పక్కనున్న కానుగ చెట్టుకు బండి ఆనించకూడదు. ఆనించినవాడికి ఆ పూట రొట్టె లేదు. వాడు ఏ ఆఫీసులో ఎంత పెద్దవాడైనా సరే, పక్క గల్లీలో చపాతీలు దొరుకుతాయి, పోయి తినొచ్చు.

ఆ చెట్టు నాటింది ఆమె భర్త రాజమల్లయ్య. అక్కన్నపేట దిక్కు తాళ్లెక్కి కల్లు గీసీ గీసీ మోకాళ్లు అరగ్గొట్టుకుని, భార్యతో సిద్దిపేట చేరిన మనిషి. మున్సిపాలిటీ వాళ్లు ఇంటింటికీ మొక్కలు పంచిన ఏడాది గల్లీ అంతా జామ, మామిడి అని ఎగబడితే, ఆయన ఎవరూ ముట్టని కానుగ మొక్కను చంకలో పెట్టుకొచ్చాడు. రొట్టెల పొయ్యికి నీడ కావాలి గానీ జామకాయలు దేనికన్నాడు. మాట నిజమే. కానీ ఆ నీడలో కూర్చునే రాత ఆయనకు లేకపోయింది. మొక్క నడుమెత్తు రాకముందే జ్వరమొచ్చి పోయాడు.

గుడికి ఫ్యాను ఇచ్చినవాళ్లు రెక్కల మీద పేరు రాయించుకున్నట్టే, చెట్టుకు ఇనుప కంచె చేయించి పోయినవాళ్ల పేరు పెట్టించడం మన దగ్గర ఒక అలవాటు. అమృతమ్మ కూడా చేయించింది. రాజమల్లయ్యకు జిగ్రీ దోస్తు, వెల్డింగు షాపు షబ్బీర్ ఆ ట్రీగార్డు చేశాడు. మేకలు తల దూర్చకుండా ఇరుకుగా చేశాడు. నడుమెత్తున, లోపలి వైపు, చుట్టూ ఒక వెడల్పాటి పట్టీ వేశాడు. రంగుతో రాస్తే వానకు పోతుందని, ఆ పట్టీ మీద వెల్డింగుతోనే అక్షరాలు పొంగించాడు. ‘కీ.శే. రాజమల్లయ్య గౌడ్ జ్ఞాపకార్థం – భార్య అమృతమ్మ.’ మొత్తం చదవాలంటే చెట్టు చుట్టూ ప్రదక్షిణ చేయాల్సిందే.

అమృతమ్మకు చదువు రాదు. అయినా షబ్బీర్ ఒక్కొక్కటీ చదివి చూపించిన ఆ అక్షరాలు ఆమె వేళ్లకు తెలుసు. పాన్‌డబ్బా వైపు, అంటే రోడ్డు దిక్కు, మొదలయ్యేది ఆయన పేరు, ఇంటి వైపు తిరిగాక వచ్చేది తన పేరు. పెనిమిటి పేరు పెళ్లాం పలకరాదని పెరిగిన మనిషి ఆమె. పెళ్లయిన నాటి నుంచి ఒక్కసారి కూడా పలకలేదు. రేషన్ షాపులోనైనా, దవాఖానలో చీటీ రాసేచోటనైనా పక్కనున్నవాళ్లను మోచేత్తో పొడిచి చెప్పించేది. పింఛను ఆఫీసులో మనిషి విసుక్కుంటే తనూ అంతకంటే గట్టిగా విసుక్కుంది గానీ పేరు మాత్రం చెప్పలేదు. ట్రీగార్డు వచ్చాక ఆ తిప్పలు తప్పాయి. ఎవరైనా వచ్చి ఈ చెట్టెవరిదని అడిగితే, రొట్టె తట్టే చెయ్యి అటు చూపించి, “రాసున్నది గద, సదువుకో” అనేది.

ఉన్నది కిరాయి ఇల్లు. గుంటెడు భూమి లేదు. పదిమంది చూసేలా ఆయన పేరు ఉన్న జాగా లోకంలో అదొక్కటే. అందుకే ఏటా ఆయన పోయిన తిథికి ముందు గార్డుకు తుప్పు గీకించి, వెండి రంగు కొట్టించి, దండ వేసేది. చెట్టుకు కాదు, గార్డుకు.

నిరుడు ఆ పట్టీ ఒకచోట అతుకు దగ్గర పగిలింది. నీ పనితనం ఇంతేనా అని అమృతమ్మ షబ్బీర్‌ను నలుగురిలో పట్టుకుని కడిగేసింది. షబ్బీర్‌కు పౌరుషం పొడుచుకొచ్చింది. పగిలినచోటికి ఇంకో ముక్క తొడిగి, మునుపటికి రెట్టింపు గట్టిగా అతికాడు. ఇది ఊడితే నేను వెల్డింగు షాపు మూసేస్తానన్నాడు. అది ఎందుకు పగిలిందని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో వందన వచ్చింది. మున్సిపాలిటీలో చెట్ల పని చూసే అమ్మాయి. నెత్తికి చున్నీ చుట్టుకుని, చెట్టు చుట్టూ తిరిగి, కిందికి వంగి, పైకి చూసి, చివరికి పొయ్యి దగ్గరికొచ్చింది.

“పెద్దమ్మా, గీ గార్డు తీసెయ్యాలె,” అంది.

అమృతమ్మ రొట్టె తిప్పేసింది. “నువ్వెవరి బిడ్డవు?”

“మాది వర్గల్. మున్సిపాలిటీల చెట్ల పని చూస్త.”

“చెట్ల పనైతే చెట్టును చూడు. ఇనుముతోని నీకేం పని?”

“గా ఇనుమే చెట్టును కోస్తున్నది. చెట్టు లావైంది, గార్డు గంతనే ఉన్నది. ఎనక బిల్డింగు లేశినంక ఎండ కోసం చెట్టు రోడ్డు దిక్కు వంగింది సూడు. వంగిన దిక్కు పట్టీ లోపలికి దిగింది. గట్టి గాలొచ్చిందంటే గక్కడ్నే విరుగుతది. ఒరిగిన చెట్టును కరెంటోళ్లు ఉంచరు, మొదలుకు కొడ్తరు.”

“ఇన్నేండ్ల సంది నీళ్లు పోసింది నేను. నువ్వొక్క చెంబు పోసినవా?”

“లే, పొయ్యలే.”

“మరి పో.”

ఇంతటితో చాలామంది పోతారు. రెండో మాట అనకుండా పోయిన కౌన్సిలర్లు కూడా ఉన్నారు. వందన మాత్రం పోతూ పోతూ వెనక్కి తిరిగి, “పోత గని, రేపొస్త. రేపు రొట్టెలు ఎన్ని గంటల సంది చేస్తవు పెద్దమ్మా?” అని అడిగింది. ఈ పిల్ల మామూలుది కాదని అమృతమ్మకు అప్పుడే తెలిసిపోయింది.

పిండి మీద తడిబట్ట కప్పి, ఆమె నేరుగా షబ్బీర్ షాపుకు నడిచింది. కోసే పని ఎవరు చేయించినా ఆ గల్లీలో చేసేది అతనే. ముందే మాట తీసుకుంటే గొడవే ఉండదు.

“మున్సిపాలిటీ పిల్ల నీ దగ్గరికొస్తది,” అంది. “గార్డు మీద చెయ్యి పెట్టినవంటే నీకు నాకు మాటల్లేవు.”

“వచ్చి పోయింది వదినా,” అన్నాడు షబ్బీర్ కళ్లద్దాలు నెత్తి మీదికి జరుపుకుంటూ. “వదిన చెప్పకుంట నేను ముట్టనన్న.”

“మంచిగన్నవు.”

ఆమె వెనుదిరిగింది. షబ్బీర్ ఏదో నమిలినట్టు దవడ ఆడించి, “గని వదినా, నిరుడు గా అతుకు పలిగింది సూడు,” అన్నాడు. “సంవత్సరం సంది నాకు గదే మనసుల ఉన్నది. నేనేసిన అతుకు ఊకెనే పలగదు. లోపలి నుంచి ఎవరన్న తోస్తెనే పలుగుతది.”

“లోపల ఎవరుంటరు?”

“గదే వదినా. చెట్టున్నది.”

అమృతమ్మకు ఒళ్లు మండిపోయింది. తన పనితనం కాపాడుకోవడానికి దోస్తు పేరు కోసిపారేస్తాడా అనుకుంది. అతనితో మాట్లాడకుండానే ఇల్లు చేరింది. ఆ రోజు రొట్టెలు కాస్త మందంగా వచ్చాయి. ఎవరూ గొణగలేదు.

మర్నాడు వందన చెప్పినట్టే వచ్చింది. వరసలో నిలబడింది. రొట్టె, పచ్చిపులుసు, నంజుకోవడానికి ఉల్లిగడ్డ పెట్టించుకుని, చెట్టు కిందే అరుగు మీద కూర్చుని తింది. కారం ఎక్కువైందనలేదు. తిన్నాక చేయి కడుక్కుని, “పెద్దమ్మా, నా మాట నమ్మకు. నీ చెయ్యి పెట్టి నువ్వే సూడు,” అంది.

“ఏం సూడాలె?”

“రోజు పిండి మీద పెట్టే చెయ్యి గద. పట్టీకి పైన ఒకపారి, కింద ఒకపారి పట్టి సూడు.”

నిజానికి చూడాల్సిన అవసరం లేదని చెప్పడానికే అమృతమ్మ లేచింది. కానీ చేయి చువ్వల మధ్యలోంచి దానంతటదే లోపలికి పోయింది. ఏటా దండ వేసే రోజు అక్షరాలు తడిమే చేయే అది. అక్షరాలు తప్ప ఇంకేదీ తడమని చేయి. ఇప్పుడు పట్టీకి పైన పట్టి చూస్తే మాను ఉబ్బి, బెరడు మందంగా పెదవి లాగా ఇనుము మీదికి పొర్లి ఉంది. కింద పట్టి చూస్తే సన్నగా ఉంది. రెంటి మధ్య తడి. తడిని వేలితో తీసి వాసన చూసింది. చేదు వాసన.

పాన్‌డబ్బా వైపు వేళ్లు జరిపింది. నిరుడు తిథికి తడిమినప్పుడు తగిలిన ఆయన పేరు దగ్గర ఇప్పుడు ఇనుము లేదు. బెరడే ఉంది.

“పసిపిల్లకు మొలతాడు కడ్తం,” అంది వందన మెల్లగా. “పిల్ల పెరుగుతుంటె ఇప్పి కొత్తది కడ్తం గద. పుట్టిన నాటి తాడే ఉంచి, దానికి వెండి పూత పూస్తమా?”

అమృతమ్మ చేయి బయటికి తీసుకుంది. కొంగుకు తుడుచుకుంది. “తీస్తె పేరేమైతది?”

“వేరే పలక మీద రాపిద్దం.”

“పలక యాడ కొడ్తవు? గోడకా? గోడ నాదా? కిరాయిదారు మారితె ఓనరు సున్నమేస్తడు. గప్పుడు పేరు యాడికి పోవాలె?”

వందన చెట్టు వైపు ఒకసారి చూసి, “గాలి దినాలు పెద్దమ్మా. ఆలస్యం చెయ్యకు,” అని వెళ్లిపోయింది.

పేరు ఉంచితే చెట్టు పోతుంది. చెట్టు ఉంచితే పేరు పోతుంది. రెండూ ఆయనవే. ఒకటి ఆయన నాటినది, ఒకటి ఆయనకు మిగిలినది. ఇంత బతుకు బతికి, ఏ విషయంలోనూ ఇటా అటా అని తడబడని మనిషి, ఉల్లిగడ్డ తరుగుతూ వేలు కోసుకుంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. రేకులు లేచాయి, బస్టాండు వైపు దుమ్ము గోడలా నిలబడింది. వరసలో నిలబడ్డవాళ్లు పారిపోయారు. అమృతమ్మ పొయ్యికి అడ్డంగా కూర్చుని చెట్టు వైపు చూసింది. ఎదురింటి వేపచెట్టు మొదలు నుంచి చివరిదాకా ఊగుతోంది. కానుగ అట్లా ఊగడం లేదు. కింద సగం కదలడం లేదు. పై సగం మాత్రం పట్టీ దగ్గర మడత పడుతున్నట్టు వంగుతోంది, లేస్తోంది. వంగినప్పుడల్లా ఇనుము కిర్రుమంటోంది. ఆ కిర్రుమనేది గార్డో చెట్టో ఆమెకు తెలియలేదు. ఆమెకు నిజంగా భయం వేసింది.

అప్పుడు గుర్తొచ్చింది, ఎందుకు ఇన్నేళ్లూ గుర్తు రాలేదో ఆమెకే తెలియదు. అక్కన్నపేటలో ఉన్నప్పుడు బట్టలు ఆరేయడానికి ఆమె వాకిట్లో చిన్న వేపచెట్టుకు బైండింగు తీగ చుట్టి దండెం కట్టింది. ఏనాడూ గొంతు లేపని మనిషి ఆ రోజు లేపాడు. కల్లు ముంతలు కింద పెట్టి, పట్టకారు తెచ్చి, తీగ తెంపి, గల్లీలోకి విసిరేశాడు. “తాడు కట్టు, చీరె కట్టు, నేనేమన్న అన్ననా? తాడు మురుగుతది, మురిగి ఊడుతది. తీగ మురగదు. చెట్టు మెడల పడి కూసుంటది,” అన్నాడు. ఆమె అలిగి ఆ పూట అన్నం పెట్టలేదు. ఆయన తనే పెట్టుకుని తిన్నాడు.

గాలి తగ్గింది. చెట్టు నిలబడే ఉంది. అమృతమ్మ పొయ్యిలో నీళ్లు చల్లి, జుట్టులో దుమ్ముతోనే షబ్బీర్ షాపుకు పోయింది.

“తెల్లారంగనే మిషిను పట్టుకొని రా,” అంది. “గా పిల్లకు కూడ ఫోన్ చెయ్యి. ఆమె లేకుంట నువ్వు కోస్తె చెట్టును కూడ కోస్తవు.”

షబ్బీర్ అప్పుడే ఫోన్ తీశాడు. మనిషికి తెలివి ఉందని ఆమె ఎన్నో రోజుల తర్వాత ఒప్పుకుంది.

పొద్దున గల్లీ అంతా చేరింది. గ్యాసు మంటతో కోస్తే చెట్టు కాలుతుందని షబ్బీర్ కటింగు మిషను తెచ్చాడు. నిప్పురవ్వలు పడకుండా వందన తడి గోనెసంచులు మానుకూ ఇనుముకూ మధ్య దూర్చింది. బెరడు ఎక్కడ ఇనుమును పట్టుకుందో ఆమె వేలు పెట్టి చూపిస్తుంటే, అతను అంతవరకే కోశాడు. ముందు నిలువు చువ్వలు ఊడిపోయాయి. తర్వాత నిరుడు రెట్టింపు గట్టిగా వేసిన అతుకు వంతు వచ్చింది. అది ఒక పట్టాన తెగలేదు. షబ్బీర్ చెమటలు కక్కాడు. తన పనితనాన్ని తనే తిట్టుకున్నాడు. అట్లా తిట్టుకుంటూనే కాస్త గర్వపడ్డాడు కూడా.

చివరికి పట్టీ ఇంటి వైపు సగం ఊడొచ్చింది. పాన్‌డబ్బా వైపు సగం రాలేదు. చెట్టు దాన్ని పూర్తిగా లోపలికి తీసుకుంది.

“ఉలితోని కొట్టి తియ్యొచ్చు వదినా,” అన్నాడు షబ్బీర్. “పేరు నీకు పూరాగ దొరుకుతది.”

“కొడితె సగం మాను చీలుతది,” అంది వందన. “ఉంచితె చెట్టే దాన్ని మూసుకుంటది. లోపల ఉన్నదానితోని ఇంక ఉరి పడదు. గని పేరు మళ్ల కనపడదు పెద్దమ్మా. నువ్వే చెప్పాలె.”

గల్లీ అంతా అమృతమ్మ వైపు చూసింది. ఆమె ముందుకొచ్చి, బెరడు మూసుకున్నచోట అరచేయి ఆనించింది. వేళ్లకు అక్షరాలు తగల్లేదు. అయినా ఎక్కడ ఏది ఉందో తెలుసు. ఇక్కడ ‘రా’. ఇక్కడ ‘మ’ మొదలు. కళ్లు నిండాయి. నిండనిచ్చింది.

“ఉండనియ్యి,” అంది. “ఆయన చెట్టు, ఆయన పేరు. లోపల మంచిగనే ఉంటడు.”

షబ్బీర్ కళ్లద్దాలు కిందికి జరుపుకుని, మాను అంచు దగ్గర పట్టీని కోశాడు. ఊడిన ముక్క ఆమె చేతికిచ్చాడు. ‘భార్య అమృతమ్మ’ అన్నంతవరకే ఉంది దాని మీద.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “నన్ను మాత్రం బయటికి పంపిండు సూడు,” అంది. “రొట్టెలు ఎవరు చేస్తరని.”

గల్లీ ఘొల్లుమంది. షబ్బీర్ నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

వందన పైన బరువు తగ్గించడానికి రోడ్డు వైపు కొమ్మల్ని కొంచెం కొంచెం కొట్టించింది. ఒరిగిన వైపు వెదురు ఊతం పాతించింది. ఊతానికి చెట్టును కట్టడానికి ప్లాస్టిక్ సుతిలి తీస్తుంటే, అమృతమ్మ దాన్ని లాక్కుని అవతల పడేసి, ఇంట్లోంచి పాత నూలు చీర చింపి తెచ్చింది. వేలు దూరేంత వదులుగా తనే కట్టింది.

“గిది మురుగుతది,” అంది. “మురిగినప్పుడు ఊడుతది. గప్పటికి చెట్టు దానంతటదే నిలబడ్తది.”

“నువ్వు నా పని కూడ చేస్తున్నవు పెద్దమ్మా,” అంది వందన.

“నువ్వు నా రొట్టె తింటలేవా,” అంది అమృతమ్మ.

వానలు పడ్డాయి. కోసినచోట్ల చెట్టు అంచులు దగ్గరికి తెచ్చుకుంటోంది. పై కొమ్మల్లో పసుపు పచ్చబడిన ఆకు రాలి, లేత ఆకు గుబురుగా వచ్చింది. ‘భార్య అమృతమ్మ’ ముక్కను ఆమె వృథా చేయలేదు. పొయ్యికి గాలి తగలకుండా ముందు అడ్డంగా నిలబెట్టింది. వంపు తిరిగిన ఇనుము అచ్చం పొయ్యి కోసం చేసినట్టే కుదిరింది.

ఒక సాయంత్రం రాయపోల్ దిక్కు నుంచి వచ్చిన ఎవరో కొత్త మనిషి వరసలో నిలబడ్డాడు. బండి చెట్టుకు ఆనించలేదు, మర్యాదస్తుడే. తన వంతు వచ్చేదాకా ఏమీ తోచక, పొయ్యి ముందున్న ఇనుప ముక్క మీది అక్షరాలు పైకి చదివాడు.

“భార్య అమృతమ్మ,” అన్నాడు. “ఎవరి భార్యవు, అవ్వా?”

అమృతమ్మ చెయ్యి అలవాటుగా చెట్టు వైపు లేచింది. అక్కడ చూపించడానికి ఏమీ లేదు. నున్నగా మూసుకుంటున్న బెరడు తప్ప. వరసలో ఉన్నవాళ్లు తెలిసినవాళ్లే, ఆమె తరఫున చెప్పడానికి ఒకరిద్దరు నోళ్లు తెరిచారు. ఆమె చేయి పెట్టి వాళ్లను ఆపింది.

పెనం మీది రొట్టెను తిప్పింది. కొంగు సర్దుకుంది.

“రాజమల్లయ్య,” అంది.

మొదటిసారి అన్నందుకేమో, గొంతు కొంచెం జీరబోయింది. కొత్త మనిషికి వినపడిందో లేదోనని ఇంకోసారి, గల్లీ చివరికి వినపడేంత గట్టిగా అంది. “రాజమల్లయ్య భార్యను. గీ చెట్టు ఆయనదే.” ఆ తర్వాత రొట్టె తీసి అతని చేతిలో పెట్టింది.